రక్షణ పరిశోధనాభివృద్ధి ప్రయోగశాల, హైదరాబాదు

కంచన్‌బాగునందలి ఈ ప్రయోగశాల డి.ఆర్.డి.ఎల్. అను పొడి పేరుతోనే ప్రసిద్ధము. దీని జన్మ సంవత్సరము విషయమున ఏకాభిప్రాయము లేదు. 1958లో ఢిల్లీ మెట్‌కాఫ్ హౌసున, ట్యాంకు విధ్వంసక క్షిపణులను అధ్యయనము చేయుటకై యేర్పడిన ప్రత్యేకాయుధ బృందమును కొందరు దీని ఆద్యరూపముగా నెంతురు. ప్రయోగశాల యను పేరు వచ్చిన 1961ని కొందరును, హైదరాబాదునకు తరలివచ్చిన 1962ని మరికొందరును చెప్పుదురు. సంస్థ యనదగిన స్వరూపము 1961లోనే యేర్పడినట్లు తోచుచున్నది గనుక ఆ సంవత్సరమును గ్రహించుట యుక్తము.

ట్యాంకు విధ్వంసక క్షిపణిపై జరిగిన తొలి కృషి సైన్యము దాక పోయినట్లు కానరాదు. ఆ అవసరమును, 1970లో పొరుగుననే వెలసిన భారత్ డైనమిక్స్, ఫ్రెంచి లైసెన్సుపై తయారుచేసిన క్షిపణులతో తీర్చెను.

1972లో చేపట్టిన 'డెవిల్' పథకమును పలువురు వైఫల్యముగా లెక్కింతురు. సోవియట్ విమాన విధ్వంసక క్షిపణి ఎస్.ఎ.-2ను విడదీసి, భాగము భాగముగా పరిశీలించి, అట్టిదానినే స్వదేశమున నిర్మింపదలచిన ఆ యత్నము, సంపూర్ణ క్షిపణిని చూపకయే 1980 ప్రాంతమున ముగిసిన మాట నిజమే. అయినను ఆ తీర్పు తొందరపాటుదని చెప్పక తప్పదు. లోహమును తినివేయు నైట్రికామ్లమును గొట్టములలోను కవాటములలోను అదుపుచేయుచు, జైలిడీన్, ట్రైఇథైలమీన్‌ల మిశ్రమముతో మండించు ద్రవ యంత్రవిద్య ఒక్కనాట అబ్బునది కాదు. వేయి కిలోల భారమును 150 కిలోమీటర్లు మోయు పృథ్వి క్షిపణికి ఆ యంత్రవిద్యయే ఆధారమైనది.

1982లో అబ్దుల్ కలాం సంచాలకుడై వచ్చిన మరుసటి యేడు, 388 కోట్ల రూపాయల వ్యయముతో పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్, నాగ్ అను ఐదు క్షిపణుల సమగ్ర పథకము మంజూరాయెను. పృథ్వి 1988 ఫిబ్రవరి 25న ఎగిరెను. అగ్ని ప్రయోగము 1989 ఏప్రిల్‌లో ఒకమారు, మే నెలారంభమున మరొకమారు చివరి క్షణములలో ఆగిపోయి, మే 22న నెరవేరెను. అన్నిటికంటె ముందు, 1985లోనే ఎగిరిన త్రిశూల్ మాత్రము సైన్యమున చేరకయే ముగిసినది. ఈ పథకపు అవసరములకై ఇమారత్ పరిశోధన కేంద్రము 1988లో ఆరంభమాయెను. అగ్ని పనులు తరువాత వేరొక ప్రయోగశాలకు పోయినవి.

క్షిపణులకై రూపొందించిన తేలికపాటి కర్బన పదార్థముతో, నిమ్స్ ఆసుపత్రిలోని పోలియో బాలలకు ఊతకట్లు చేసియిచ్చిరి. మూడు కిలోలకు పైబడిన కట్టు ఇంచుమించు 300 గ్రాములైనది.