రోసీ నటించిన సినిమా ఇయ్యాల ఎక్కడా లేదు



మలయాళంలో తొలి సినిమా ‘విగతకుమారన్’. మూకీ. తిరువనంతపురంలో జె.సి. డేనియల్ తీసిండు. విడుదలైంది 1928లో అని ఒక లెక్క, 1930లో అని ఇంకో లెక్క. రీలు మిగల్లేదు. మనమెవ్వరం చూడని ఈ సినిమా నుంచి నవల, కవిత, ఇంకో సినిమా పుట్టినయి. కారణం అందులో నాయిక పి.కె. రోసీ.

రోసీ పులయ కులం బిడ్డ. కక్కరశి నాటకాలు ఆడేది. మన చిందు భాగోతం లెక్క అది కూడా జానపద ఆటే. ఎల్దుర్తి దిక్కు చిందోళ్ల ఆట చూసినోళ్లకు నేను చెప్పేది తొందరగా అర్థమైతది. దళిత స్త్రీ రాణి వేషం కడితే ఊరు కూసొని చూస్తది. ఎందుకంటే తెల్లారితే వేషం ఇడుస్తది, మళ్ల వాడకే పోతది. తెర మీద బొమ్మ అట్ల ఇడిచేది కాదు. పైగా డేనియల్ ఆమెకిచ్చింది సరోజిని అనే నాయర్ స్త్రీ పాత్ర.

కాపిటల్ థియేటర్‌లో మొదటి ఆట. ప్రారంభించాల్సిన వకీలు మల్లూర్ గోవింద పిళ్లై, ఆమె ఉంటే తాను రానన్నడు. తన సినిమా తానే చూడలేకపోయింది. హీరో ఆమె కొప్పులో పువ్వు తీసి ముద్దు పెట్టుకునే సీను రాంగనే రాళ్లు పడ్డయి. తర్వాత ఆమె ఇంటికి నిప్పు పెట్టిన్రు. లారీ ఎక్కి పారిపోయింది. ఆ డ్రైవర్ కేశవ పిళ్లైనే పెండ్లి చేసుకొని, నాగర్‌కోవిల్‌లో రాజమ్మాళ్ పేరుతో బతికింది. మళ్ల నటించలేదు.

కేరళ ప్రభుత్వం 1992 నుంచి డేనియల్ పేరు మీద అవార్డు ఇస్తున్నది. రోసీ గురించి కురీపుళ శ్రీకుమార్ కవిత రాసిండు, విను అబ్రహాం ‘నష్ట నాయిక’ నవల రాసిండు. 2013లో కమల్ ‘సెల్యులాయిడ్’ తీసిండు. మంచి సినిమానే, కానీ రాళ్లు పడ్డంక రోసీ కథలోంచి మాయమైతది, మిగతాదంతా డేనియల్ దుఃఖం. దర్శకుడు నష్టపోయింది నిజమే. ఇల్లు కాలింది మాత్రం ఎవరిది?

ఈ లోటును కొంత పూడ్చింది ఉద్యమాలే. 2019లో మలయాళ సినిమా మహిళలు తమ ఫిల్మ్ సొసైటీకి రోసీ పేరు పెట్టుకున్నరు. పా. రంజిత్ నీలం సంస్థ చెన్నైలో దళిత చరిత్ర మాసంల ఆమె పేరుతోనే చిత్రోత్సవం పెట్టింది.

మన తెలుగోళ్ల మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’. 1921లో రఘుపతి వెంకయ్య, ఆయన కొడుకు ప్రకాష్ తీసిన్రు. అదీ మిగల్లేదు. గంగ వేషం కట్టింది పెగ్గీ కాస్టెల్లో. వెంకయ్య పేరు మీద మనకూ అవార్డు ఉంది. ఆ మద్రాసు స్టూడియోలో సెట్లు మోసినోళ్లు, ఊళ్లల్ల డప్పు కొట్టి బొమ్మ వచ్చిందని చాటినోళ్లు ఎవరు? పీహెచ్‌డీకి టాపిక్ వెతుకుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరన్నా దీన్ని పట్టుకోండి.