సూడాను ఖడ్గము – క్రూసేడు కథ

సూడాను దేశపు కస్కరా ఖడ్గాన్ని గూర్చి ఒక కథ చాలాకాలం ప్రచారంలో ఉంది. అది క్రూసేడు యుద్ధాలలో ఓడిన యూరపు యోధుల ఖడ్గమనీ, తరతరాలుగా ముస్లిముల చేతులలో నిలిచిందనీ ఆ కథ సారాంశం. తిన్నని రెండంచుల అలుగును, పిడి వద్ద సిలువలా ఉన్న అడ్డకమ్మిని చూచి 19వ శతాబ్దపు ఆంగ్లేయులు కొందరు ఇలా తలంచారు. ప్రసంగంలో ఉదాహరణకు ఎంతో అనువైన కథ! అందుకే మేము దీనిని పరీక్షించి చూడదలచాము. సంఘం ఎదుట చెప్పే చరిత్ర నిజమై ఉండాలి గదా.

కస్కరాలలో అనేకమైన వాటికి అలుగు జర్మనీలోని సోలింగెన్ పట్టణంలో తయారైనది; పిడి మాత్రం సూడానులో అమర్చినది. అలుగుపై ఉండే ముద్రలు ఇందుకు ఒక ఆధారం. వాటిలో ప్రసిద్ధమైనది పరుగెత్తే తోడేలు. ఈ గుర్తు మొదట పస్సౌ పట్టణపు కత్తుల పనివారిది, తరువాత సోలింగెన్ వారు స్వీకరించారు. కొన్ని యూరపు అలుగులపై తోడేలు ప్రక్కన 1414 అనే అంకె కూడా కనిపిస్తుంది. అది క్రీ.శ. 1414లో చేసినదని సంబరపడనవసరం లేదు. 17వ శతాబ్దపు అలుగులపైనా అదే అంకె ఉంది. అది సంవత్సరం కాదు, రక్షణకై చెక్కిన అంకె అని పలువురి అభిప్రాయం.

అయితే ముద్ర ఒక్కటే సాక్ష్యంగా చాలదు. యూరపు అలుగులపై ఉన్న జంట నెలవంకలను సూడాను కమ్మరులు తమ సొంత అలుగులపై నకలు చేశారు. తోడేలు విషయం ఇంకా చిక్కు: సోలింగెన్ వారే దానిని ఉలితో కొన్ని గీతలుగా చెక్కేవారు. కనుక ముద్రతోపాటు ఇనుమునూ, గాడుల తీరునూ కలిపి చూడాలి.

వ్యాపారానికి ప్రత్యక్ష సాక్షి హెన్రిక్ బార్త్. సూడానుకు పశ్చిమంగా ఎంతో దూరాన, నేటి నైజీరియాలోని కానో నగరాన్ని ఆయన 1851లో దర్శించాడు. సోలింగెన్ అలుగులు అక్కడికి దిగుమతి కావడం, స్థానికులు వాటికి పిడులు తొడగడం వ్రాసి ఉంచాడు. అప్పటికి ఏకరు పట్టణం పతనమై 560 ఏళ్ళు. ఆ అలుగులను తెచ్చింది యుద్ధం కాదు, వర్తకుల ఒంటెలు. మన దక్కనులోనూ యూరపు అలుగుకు దేశీయ పిడి తొడిగిన కత్తిని ఫిరంగి అనేవారు. తెలుగులో ఆ మాట తోపుకే మిగిలిపోయింది.

మరి సిలువ మాటేమిటి? మధ్యయుగపు అరబ్బు ఖడ్గాలకు కూడా తిన్నని అలుగు, అడ్డకమ్మి ఉండేవి. అది చేతికి కాపు. దానిలో సిలువను చూచినది చూపరులే గాని చేసినవారు కారు.

మహ్దీ ఉద్యమకాలంలో (1881–1898) ఇలాంటి అలుగులపై అరబీ వ్రాతలు ఎక్కించారు. 1898లో ఒమ్‌దుర్మాన్ యుద్ధం తరువాత ఎన్నో కస్కరాలు విజయచిహ్నాలుగా బ్రిటను చేరాయి. సోలింగెన్‌లో పుట్టిన అలుగు ఈ విధంగా ఖురాను భాషను మోసుకొని తిరిగి యూరపు గోడలకెక్కింది.