ఓడ నుండి చేతిఫోను వరకు

మద్రాసులో బయలుదేరిన 'ట్రురో' అనే ఓడ 1860 నవంబరు 16న డర్బను రేవు చేరింది. అందులో 342 మంది ఉన్నారు. నాటి నుండి 1911 వరకు లక్షా యాభై వేలకు పైగా మనుషులు ఒప్పంద కూలీలుగా నటాలుకు వచ్చారు. వారిలో తెలుగువారు అనేకులు. మా ముత్తాత వారిలో ఒకరు.

ఓడ ఆ కాలపు గొప్ప సాధనం. అది తల్లినీ బిడ్డనూ విడదీసింది. ఎన్నడూ ఎరుగనివారిని దగ్గర చేసింది కూడా. ఒకే ఓడలో వచ్చినవారు ఒకరినొకరు సొంత బంధువులుగా భావించుకున్నారు.

తరువాతి సాధనం ఉత్తరం. చదువురానివారు దానిని మరొకరిచేత రాయించుకోవాలి. జవాబు వస్తే మరొకరిచేత చదివించుకోవాలి. ఇంటి గుట్టు చెప్పుకోవడానికి సైతం మూడవ మనిషి కావలసి వచ్చేది. జవాబు కోసం నెలల తరబడి ఎదురుచూసేవారు. మా ఇంటిలో ఒక తరం గడిచేసరికి ఆ ఉత్తరాలు ఆగిపోయాయి.

1946లో జాతివివక్షకు నిరసనగా భారతదేశం దక్షిణాఫ్రికాతో వాణిజ్యాన్ని నిలిపివేసింది. దౌత్య సంబంధాలు 1993లో గాని తిరిగి ఏర్పడలేదు. ఆ నిరసన న్యాయమైనదే. అయినా టెలిఫోను ఉన్న కాలంలోనే మన ఊళ్ళు మనకు మరింత దూరమయ్యాయి. కనుక భాషను ఇక్కడే కాపాడుకోవలసి వచ్చింది. 1931లో ఏర్పడిన ఆంధ్ర మహాసభ, తెలుగు తరగతులు, భజనలు ఆ పని చేశాయి.

నేడు నాటి ఓడల జాబితాలను కంప్యూటరులో చూడవచ్చు. కూలీ సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, జిల్లా, గ్రామం అన్నీ వరుసగా ఉంటాయి. అయితే గుమాస్తాలు చెవికి వినబడినట్లు ఆంగ్ల అక్షరాలలో రాసుకున్నారు. అందుచేత మా ముత్తాత ఊరి పేరు ఎన్నిసార్లు చూసినా నాకు బోధపడలేదు. ఉద్యోగ విరమణ తరువాత సాయంకాలపు తెలుగు తరగతిలో చేరాను. ఒకనాడు అక్కడ ఆ పేరును పైకి చదివాను. దాని చివర 'వలస' అనే మాట వినబడింది! ఉత్తరాంధ్రలో అలా ముగిసే ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. వలస అంటే బతుకుతెరువు కోసం ఊరు విడిచి పోవడం. కంప్యూటరు నాకు అక్షరాలను చూపింది. అర్థాన్ని తెలుగు చెప్పింది.

కొన్ని నెలలకు ఒక మిత్రుని సహాయంతో ఆ ఊరివారితో చేతిఫోనులో మాట్లాడగలిగాను. తెరమీద ఒక వృద్ధురాలు కనబడింది. ఆమె మా బంధువో కాదో ఎవరూ చెప్పలేకపోయారు. ఆమె మాత్రం, "బాబూ, బువ్వ తిన్నావా?" అని అడిగింది. "తిన్నానమ్మా" అన్నాను. అంతకు మించి వెంటనే మాట రాలేదు. నా ప్రక్కన కూర్చున్న మనుమడు చేయి ఊపి, "తాతా, ఆమె ఏమన్నది?" అని ఆంగ్లంలో అడిగాడు.

మా ముత్తాతకు తెలుగు ఉన్నది, ఫోను లేదు. నా మనుమనికి ఫోను ఉన్నది, తెలుగు లేదు. ఇద్దరికీ నడుమ మూడవ మనిషి అవసరమే అయింది.

ప్రియమైన తల్లిదండ్రులారా! పిల్లల చేతిలోని ఫోనును నిందించి ప్రయోజనం లేదు. ఈ వారం దానిలోనే ఒక పెద్దవారిని పిలిపించండి. ముందుగా పిల్లలకు ఒక్క ప్రశ్న నేర్పండి: "బువ్వ తిన్నారా?" జవాబు వారే విని అర్థం చేసుకోనివ్వండి.