హ్యాంగ్ అయిన ప్రోగ్రాంని ఒక్కదాన్నే ఆపడం మనిషి ఎప్పుడు నేర్చుకున్నాడు

పోస్టు కొంచెం పెద్దది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మొదటి సెమిస్టర్‌లో జరిగిన సంగతితో మొదలుపెడతా. ల్యాబ్‌లో పైథాన్ ప్రోగ్రాం రాస్తున్నా. 1 నుంచి 10 దాకా అంకెలు వేయాలి, అంతే. వైల్ లూప్‌లో అంకెని పెంచే లైను మర్చిపోయాను. రన్ కొట్టగానే స్క్రీన్ నిండా ఒకట్లే ఒకట్లు. ఆగవు. మూలనున్న ఇంటూ గుర్తు నొక్కాను. విండో తెల్లబడిపోయి పైన 'నాట్ రెస్పాండింగ్' అని వచ్చింది. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మొదలు. కంప్యూటర్ ముట్టుకుని అప్పటికి పది రోజులో, పన్నెండు రోజులో. పాడుచేసేశాను, దీనికి డబ్బులు కట్టమంటే అయ్య ఎక్కడినుంచి తెస్తాడు అనుకున్నా. ఎవరూ చూడకముందే కిందున్న ఎక్స్‌టెన్షన్ బాక్స్ స్విచ్ ఆపేశా.

ఆ బాక్స్‌కి మూడు కంప్యూటర్లు తగిలించి ఉన్నాయి. పక్క సీట్లో అమ్మాయి రెండు గంటలుగా ప్రాజెక్టు రిపోర్టు టైపు చేస్తోంది, సేవ్ చేయలేదు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. నల్లటి స్క్రీన్ వైపు చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేది. తర్వాత సీనియర్ అక్క వచ్చి, "కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే అయిపోయేది కదరా తమ్ముడూ. నీదొక్కటే పోయేది" అంది.

నీదొక్కటే పోయేది. ఆ మాట వెనక ఎంత చరిత్ర ఉందో ఈ ఏడాది ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్ చదువుతుంటే తెలిసింది. చెడిపోయిన ఒక్కదాన్ని ఆపి మిగతావాటిని బతికించడం కంప్యూటర్‌కి పుట్టుకతో రాలేదు.

1950ల్లో ఈ సమస్యే లేదు. కంప్యూటర్ అంటే ఒక పెద్ద గది. ప్రోగ్రాంని కార్డుల మీద రంధ్రాలుగా కొట్టి, కట్ట కట్టి ఆపరేటర్‌కి ఇచ్చి రావాలి. ఒకసారికి ఒకరి పనే నడిచేది. అది లూపులో తిరుగుతూ ఉంటే ఆపరేటర్ ఆపేవాడు. రాసినవాడికి మిషన్ దగ్గర పనే లేదు.

1961లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బటో బృందం సీటీఎస్ఎస్ అనే వ్యవస్థ చూపించింది. ఒకే కంప్యూటర్ మీద చాలామంది ఒకేసారి పనిచేయొచ్చు. అలా పంచుకోవాలంటే ఒకరి ప్రోగ్రాం మొండికేస్తే మిగతావాళ్లు ఆగిపోకూడదు కదా. అందుకు రెండు ఏర్పాట్లు కావాల్సి వచ్చాయి. మొదటిది గడియారం. ప్రోగ్రాం వదిలినా వదలకపోయినా కొంతసేపటికి గడియారం దాన్ని ఆపి, పెత్తనం మళ్లీ పర్యవేక్షక ప్రోగ్రాం చేతికి ఇస్తుంది. రెండోది గోడ. పర్యవేక్షక ప్రోగ్రాం ఉండే మెమరీ వేరు, వాడేవాళ్ల మెమరీ వేరు. ఇవాళ మన ఫోన్లో జరిగేది కూడా ఈ రెండిటి మీదే నిలబడి ఉంది. గడియారం, గోడ.

తర్వాత యునిక్స్. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టారు. 1973 నాటి మూడో ఎడిషన్‌లోనే 'కిల్' అనే కమాండ్ ఉంది. పేరు విని నేను భయపడ్డా గానీ, నిజానికి అది చేసేది ప్రోగ్రాంకి ఒక కబురు పంపడం. ఒక్కో కబురుకి ఒక్కో నంబరు. 15వ నంబరు పంపితే "ఇక ముగించు" అని అర్థం. ప్రోగ్రాం ఆ కబురు అందుకుని, ఫైళ్లు సేవ్ చేసుకుని, సర్దుకుని పోవచ్చు. రాసినవాడు అలా రాసి ఉంటే దాన్ని పట్టించుకోకపోవచ్చు కూడా. 9వ నంబరు అలా కాదు. అది ప్రోగ్రాం దాకా వెళ్లనే వెళ్లదు. దాన్ని అందుకునే హక్కు గానీ కాదనే హక్కు గానీ ప్రోగ్రాంకి లేవు. కెర్నెల్ నేరుగా తీసేస్తుంది. లినక్స్ వాడే సీనియర్లు మాటకి ముందు 'కిల్ మైనస్ 9' అంటుంటారు. గొప్పగా అంటారు గానీ నాకు మాత్రం అది నేను స్విచ్ ఆపిన పనికి తమ్ముడిలాగే కనిపిస్తుంది.

ఆ 9కి కూడా లొంగనివి రెండున్నాయి. డిస్క్ నుంచి జవాబు కోసం ఒకలాంటి గాఢమైన ఎదురుచూపులో ఉన్న ప్రోగ్రాం, ఆ జవాబు వచ్చేదాకా చావదు. రెండోదాన్ని 'జాంబీ' అంటారు. అది అప్పటికే చనిపోయింది, కానీ దాన్ని పుట్టించిన తల్లి ప్రోగ్రాం వచ్చి చూసుకోలేదు కాబట్టి పట్టికలో పేరు మిగిలిపోయింది. మనిషి పోయినా రేషన్ కార్డులో పేరు ఉన్నట్టు. తల్లే ముందు పోతే పిల్ల ప్రోగ్రాం అనాథ అవుతుంది, దాన్ని మామూలుగా 1వ నంబరు ప్రోగ్రాం దత్తత తీసుకుంటుంది. క్లాసులో ఇది చెప్పినప్పుడు వెనక బెంచీ అంతా నవ్వింది.

ఇదంతా పెద్ద మిషన్ల కథ. బల్ల మీద కంప్యూటర్ వచ్చేసరికి చరిత్ర వెనక్కి నడిచింది. 1981 ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చింది. అందులో డాస్ ఉండేది. ఒకసారికి ఒకటే ప్రోగ్రాం, గోడల్లేవు. ప్రోగ్రాం బిగుసుకుంటే మిషనే బిగుసుకున్నట్టు. ఆ పీసీ తయారుచేసిన ఇంజనీర్లలో డేవిడ్ బ్రాడ్లీ ఒకాయన. పని చేస్తుంటే మాటిమాటికీ మిషన్ ఆగిపోయేది. ఆపి పెడితే మెమరీ పరీక్ష మొత్తం మళ్లీ మొదటినుంచి. ఆ ఆలస్యం తప్పించడానికి మూడు మీటల అడ్డదారి రాశాడు. మొదట కంట్రోల్, ఆల్ట్, ఎస్కేప్ అనుకున్నారు. అవి మూడూ ఎడమ చేతి వైపే ఉన్నాయి, పొరపాటున చెయ్యి తగిలినా మిషన్ రీస్టార్ట్ అవుతుంది. అందుకే ఎస్కేప్ తీసి డిలీట్ పెట్టారు. రెండు చేతులూ కావాలి, అంటే తెలిసే నొక్కాలి. అసలది ఇంజనీర్ల కోసం రాసింది, లోకమంతా వాడుతుందని ఆయన అనుకోలేదు. ఏదేమైనా అప్పటి కంట్రోల్ ఆల్ట్ డిలీట్ నా ఎక్స్‌టెన్షన్ బాక్స్ స్విచ్ లాంటిదే. అందరినీ కలిపి ఆర్పేస్తుంది.

విండోస్ వచ్చాక ఒకేసారి నాలుగు ప్రోగ్రాంలు తెరవొచ్చు. కానీ 1990ల మొదట్లో ఆ విండోస్ 3 రకాలు నడిచింది మర్యాద మీద. ఒక ప్రోగ్రాం తన పని కొంచెం చేసుకుని, తనంతట తాను పక్కకి తప్పుకుంటేనే రెండోదానికి వంతు. పొద్దున హాస్టల్లో కుళాయి దగ్గర లైను గుర్తుచేసుకోండి. ముందున్నవాడు బకెట్ నిండాక కూడా కదలకపోతే వెనకున్న ముప్పైమందీ కాలేజీకి లేటే. గడియారం పట్టుకుని "ఇక చాలు, జరుగు" అనేవాడు లేడు. 1992లో విండోస్ 3.1లో కొంత మెరుగైంది. మూడు మీటలు నొక్కితే మిషన్ మొత్తం రీస్టార్ట్ కాకుండా నీలం తెర వచ్చి, బిగుసుకున్న ప్రోగ్రాంని మూసేయనా అని అడిగేది. ఆ తెర మీద మాటలు రాసింది, తర్వాత రోజుల్లో మైక్రోసాఫ్ట్‌కి అధిపతి అయిన స్టీవ్ బాల్మర్.

1993లో విండోస్ ఎన్‌టీ వచ్చాక పెద్ద మిషన్లలో ముప్పై ఏళ్ల కిందటే ఉన్న గడియారం, గోడ పీసీకి గట్టిగా దక్కాయి. డేవ్ ప్లమర్ అనే ఇంజనీర్ రాసిన టాస్క్ మేనేజర్ 1996లో ఎన్‌టీ 4.0తో వచ్చింది. అక్క నాకు చూపించింది దాని మనవడినే.

ఇప్పుడు నన్ను బాగా ఆలోచింపజేసిన సంగతి. ప్రోగ్రాం హ్యాంగ్ అయిందని కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? నిజం చెప్పాలంటే తెలియదు. ఏ ప్రోగ్రాం అయినా ఎప్పటికైనా ఆగుతుందా, అలా తిరుగుతూనే ఉంటుందా అని ముందే చెప్పగల ఒకే పద్ధతి ఉండదని అలన్ ట్యూరింగ్ 1936లోనే, ఇప్పటిలాంటి కంప్యూటర్లు పుట్టకముందే, లెక్కతో నిరూపించాడు. అందుకే విండోస్ ఊహిస్తుంది. మౌస్ నొక్కులు, మీటల నొక్కులు కబుర్లుగా ఒక వరుసలో చేరుతుంటాయి. ప్రోగ్రాం 5 సెకన్ల పాటు ఆ వరుస వైపు తిరిగి చూడకపోతే 'నాట్ రెస్పాండింగ్' అని రాస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో 'వెయిట్', 'క్లోజ్ యాప్' అని అడిగేది కూడా తెర తాకాక మామూలుగా 5 సెకన్లు జవాబు లేకపోతేనే. అంటే ఆ మాటకి అర్థం చచ్చిపోయిందని కాదు, పలకడం లేదని. లోపల పెద్ద ఫైలు సేవ్ చేస్తూ ఉండొచ్చు. పాత కంప్యూటర్లున్న మనలాంటి ల్యాబుల్లో ఈ తేడా ఇంకా ముఖ్యం, అక్కడ బతికున్నవే చాలాసార్లు పలకవు.

ఇక కోడ్‌తో మూయడం. మీలో ప్రోగ్రామింగ్ మొదలుపెట్టిన తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉన్నారని ఇది రాస్తున్నా. విండోస్‌లో పద్ధతైన దారి ఏమిటంటే, ముందు ఆ విండోకి 'డబ్ల్యూఎం క్లోజ్' అనే కబురు పంపాలి, అంటే ఇంటూ గుర్తు నొక్కినట్టే. కొంతసేపు ఆగి చూడాలి. అప్పటికీ పోకపోతేనే 'టెర్మినేట్ ప్రాసెస్' పిలవాలి. దీన్ని పిలిస్తే ప్రోగ్రాంకి సర్దుకునే అవకాశం ఉండదు, సగం రాసిన ఫైలు సగంలోనే ఉండిపోతుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో 'టాస్క్‌కిల్' కూడా అంతే. స్లాష్ ఎఫ్ లేకుండా ఇస్తే అడుగుతుంది, దాంతో ఇస్తే తీసేస్తుంది. పైథాన్‌లో మనం పుట్టించిన ప్రోగ్రాంకి ముందు 'టెర్మినేట్', తర్వాత టైమ్‌అవుట్ పెట్టి 'వెయిట్', అప్పటికీ కదలకపోతే 'కిల్'. లినక్స్‌లో ఇవి 15, 9 కబుర్లే. విండోస్‌లో మాత్రం పైథాన్ టెర్మినేట్, కిల్ రెండూ ఒకటే, రెండూ బలవంతమే. ఇది తెలియక నేను "మర్యాదగా అడిగాను కదా" అనుకుని ఒకసారి నా ఫైలే పోగొట్టుకున్నా. ఇంకో జాగ్రత్త. ప్రాసెస్ నంబరు కాగితం మీద రాసుకుని గంట తర్వాత వాడొద్దు. పాతది పోతే అదే నంబరు ఇంకోదానికి ఇస్తారు, వేరేదాన్ని చంపేస్తారు.

గత నెల ల్యాబ్‌లో ఒక చిన్న స్క్రిప్ట్ పెట్టాను. మాటిమాటికీ బిగుసుకునే ఒక పాత సాఫ్ట్‌వేర్ ఉంది మాకు. అది పలకకపోతే స్క్రిప్ట్ ముందు క్లోజ్ కబురు పంపుతుంది, 30 సెకన్లు ఆగుతుంది, అప్పుడు కూడా తీసేయనా అని మనిషిని అడిగే తీసేస్తుంది. మొదట 10 సెకన్లే పెట్టాను. ఆ రోజు పక్క సీట్లో కూర్చున్న అమ్మాయే 30 చేయమంది. ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద "స్విచ్ ఆపొద్దు, కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ నొక్కండి" అని చీటీ అంటించింది కూడా తనే. ఆ చీటీ ఇప్పటికి సగం చిరిగిపోయింది. ఫస్టియర్ వాళ్లు సోమవారం వస్తున్నారు, ఈలోపు మళ్లీ రాసి అంటించాలి.