ఫొటోలో తాతయ్యది ఏ పటాలం?

తెలుగునాట చాలా ఇళ్లలో అలాంటి ఫొటో ఒకటి ఉంటుంది. ఖాకీ దుస్తులు, నడుముకు వెడల్పాటి బెల్టు, పిక్కలకు బిగించి చుట్టిన పట్టీలు, వెనకాల స్టూడియో వాళ్ల రంగుల తెర. తాతయ్య మిలిటరీలో చేశాడనీ, బర్మా వెళ్లొచ్చాడనీ ఇంట్లో అందరూ చెబుతారు. ఏ రెజిమెంటు అని అడిగితే మాత్రం జవాబుండదు. పశ్చిమ గోదావరిలోని మాధవరం లాంటి ఊళ్లలో ఇలాంటి ఫొటోలకు కొదవే లేదు. జవాబు చాలావరకు ఆ ఫొటోలోనే ఉంటుంది కానీ, మన సైన్యంలో పేర్లు, అంకెలు, గుర్తులు ఎప్పుడెప్పుడు మారాయో తెలిస్తేనే అది పట్టుబడుతుంది. అందుకే ముందు ఫొటో కాలం తేలాలి, ఆ తర్వాతే పటాలం.

1895 దాకా బెంగాల్, మద్రాసు, బొంబాయి సైన్యాలు వేర్వేరుగా ఉండేవి. ఎవరి వరస అంకెలు వాళ్లవే. 1903లో సర్వసేనాని కిచనర్ వాటన్నిటినీ ఒకే వరసలోకి తెచ్చాడు. మద్రాసు పదాతి పటాలాల పాత అంకెకు 60 కలిసింది. 13వ మద్రాసు పటాలం 73వ కర్నాటిక్ అయింది. భుజం మీది ఇత్తడి అంకె 73 అయితే ఆ ఫొటో 1903కు ముందుది కాదన్నమాట.

1922లో మళ్లీ మార్పు వచ్చింది. విడివిడి పటాలాలను కలిపి పెద్ద రెజిమెంట్లు చేశారు. కర్నాటిక్ పటాలాలు 3వ మద్రాసు రెజిమెంటు కిందికి చేరాయి. దక్షిణాది వాళ్లు యుద్ధానికి పనికిరారన్న 'మార్షల్ జాతుల' సిద్ధాంతం అప్పటికే మద్రాసు పటాలాలను కుదించివేసింది. దానికి ఖర్చుల కోత తోడై 1928 నాటికి ఆ రెజిమెంటునే రద్దు చేశారు. దారులు వేసే పయనీర్ల దళాలు కూడా 1933లో పోయాయి. 1780 నాటి మూలాలున్న మద్రాసు శాపర్లు, అంటే సైనిక ఇంజనీర్లు, మాత్రం బెంగళూరు కేంద్రంగా నిలిచారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాకే మద్రాసు రెజిమెంటుకు మళ్లీ ప్రాణం పోశారు. కాబట్టి 1935 నాటి ఫొటో చూపించి 'మా తాత మద్రాసు రెజిమెంటు' అంటే నమ్మడానికి లేదు. శాపరేమో చూడాలి. గొట్టంలా నిటారుగా ఉండే తలపాగా కనిపిస్తే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది.

పేర్లూ ఇలాగే బోల్తా కొట్టిస్తాయి. 'హైదరాబాద్' అని కనిపించగానే నిజాం సైన్యం అనుకుంటాం. బ్రిటిష్ అజమాయిషీలోని హైదరాబాద్ కంటింజెంట్ 1903లో భారత సైన్యంలో కలిసింది. 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంటుగా మారింది. 1945లో దాని పేరు కుమావూఁ రెజిమెంటు అయింది. 1918లో పాలస్తీనాలో పోరాడిన హైదరాబాద్ లాన్సర్లు వేరు, వాళ్లు నిజాం సొంత బలగం.

రెండో యుద్ధకాలపు ఫొటోల్లో భుజం కింద గుడ్డ బిళ్ల కోసం వెతకాలి. అది డివిజను గుర్తు. ఎర్ర గద్ద 4వ భారత డివిజనుది, నల్ల పిల్లి 17వది, కత్తి పట్టిన చెయ్యి 19వది. ఇక్కడో జాగ్రత్త అవసరం. డివిజనులో అనేక పటాలాలుంటాయి. బిళ్ల ఎక్కడ పోరాడాడో చెబుతుంది కానీ, ఏ పటాలమో చెప్పదు. పటాలం సంగతి టోపీ బ్యాడ్జీ, భుజం మీది అక్షరాలు చెప్పాలి. మద్రాసు రెజిమెంటు గుర్తు ఏనుగు. 1803 నాటి అసాయీ యుద్ధ గౌరవం అది. చేతి మీద వి ఆకారపు పట్టీలు రెండుంటే నాయక్, మూడుంటే హవల్దార్. ఛాతీ మీద ఆరు కోణాల నక్షత్ర పతకం ఉంటే అది రెండో యుద్ధానిది.

1950 జనవరి 26తో ఇంకో గీత పడింది. బ్యాడ్జీల మీది కిరీటం పోయి అశోక సింహాలు వచ్చాయి. కిరీటం కనిపిస్తే ఆ బ్యాడ్జీ అంతకుముందుది. 'జమాదార్' అన్న హోదా కాగితాల్లో ఉంటే అవి 1965కు ముందువి. ఆ ఏడాది ఆ హోదా నాయబ్ సుబేదార్ అయింది.

ఫొటోను చూసే పద్ధతీ ముఖ్యమే. మొదటి యుద్ధకాలపు ప్లేట్లకు ఎరుపు తెలియదు. ఎర్ర గుడ్డ నల్లగా, నీలం తెల్లబోయినట్టుగా పడేది. నలుపు కనిపించింది కదా అని నలుపే అనుకోకూడదు. పతకాలు ఎడమ ఛాతీ మీద పెట్టుకుంటారు. అవి కుడివైపున ఉంటే, చొక్కా బొత్తాలూ ఎదురు తిరిగి ఉంటే, బొమ్మ తిరగబడిందన్నమాట. దాన్ని సరిచేశాకే అక్షరాలు చదవాలి. అట్ట మీది స్టూడియో ముద్రనూ వదలొద్దు. బెంగళూరు అంటే శాపర్లు, జబల్‌పూర్ అంటే సిగ్నల్స్ కావచ్చు. స్టూడియోలో స్నేహితుడి యూనిఫాం తొడుక్కుని దిగినవాళ్లూ ఉన్నారు కనుక ఇవన్నీ సూచనలు మాత్రమే, సాక్ష్యాలు కావు.

ఫొటో కాలాన్నీ దళాన్నీ చాలావరకు తేలుస్తుంది. పటాలాన్ని ఖాయం చేసేది సర్వీసు నంబరే. మొదటి యుద్ధపు పతకాల అంచు మీద నంబరు, హోదా, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. భూతద్దం పెట్టి చూడండి. డిశ్చార్జి పుస్తకం, పెన్షను కాగితాలు ట్రంకు పెట్టెల అడుగున ఉంటాయి, పాతవని పారేయకండి. యుద్ధంలో చనిపోయినవారి పేరు, పటాలం కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషను జాబితాల్లో ఉచితంగా దొరుకుతాయి. నంబరు చిక్కితే మద్రాసు రెజిమెంటువారికి వెల్లింగ్టన్, శాపర్లకు బెంగళూరు రికార్డు కార్యాలయానికి రాయాలి. అంతకంటే ముందు ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఫొటోలో ఎవరెవరున్నారో అడిగి, వెనక పెన్సిలుతో రాసి పెట్టండి. ఆ పేర్లు ఏ రికార్డు కార్యాలయంలోనూ దొరకవు.