బొమ్మా బొరుసూ తేల్చిన నిజం

ఆంధ్ర సరిహద్దును ఆనుకుని, ఆరణి నది ఒడ్డున ఉంటుంది ఊత్తుకోట. ఇంట్లో తెలుగు, బడిలో తమిళంతో పెరిగే ఆడపిల్లలు ఈ చుట్టుపక్కల ఎందరో ఉన్నారు. పదో తరగతి దగ్గరపడేకొద్దీ కొన్ని ఇళ్లలో "చదివింది చాల్లేమ్మా" అనే మాట మొదలవుతుంది. అలాంటి పిల్లకు చదువుకున్న అక్క ఒకరు తోడుంటే బడి మానదని మన నమ్మకం. ఆ నమ్మకాన్ని ఋజువు చేయడానికి పరిశోధకులకు ముప్పావు శతాబ్దం పట్టింది.

ఆ కథ 1939లో అమెరికాలో మొదలైంది. మగపిల్లలు దారి తప్పకుండా కాపాడాలని బోస్టన్ వైద్యుడు రిచర్డ్ క్లార్క్ క్యాబట్ తపన పడ్డాడు. ఒకే తీరు పరిస్థితుల్లో ఉన్న 506 మందిని జతలుగా కూర్చి, ఒక్కో జతకు నాణెం ఎగరేయించాడు. గెలిచిన పిల్లవాడి ఇంటికి సలహాదారు వెళ్లేవాడు, చదువు చూసేవాడు, వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లేవాడు. రెండోవాడికి ఆ సాయం అందలేదు. క్యాబట్ ఆ ఏడాదే కన్నుమూసినా పని 1945 దాకా సాగింది.

ముప్పై ఏళ్లు గడిచాక జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు ఆ పిల్లలను వెతకడానికి పూనుకుంది. పెళ్లిళ్ల నమోదులు, మరణాల రికార్డులు, కోర్టు కాగితాలు తిరగేసి, నడివయసుకొచ్చిన వాళ్లను దాదాపు అందరినీ పట్టుకుంది. సాయం పొందినవారిలో చాలామంది "నాకు మేలు జరిగింది" అన్నారు. జతలోని రెండోవాడితో పోల్చి చూస్తే మాత్రం లెక్క తిరగబడింది. తాగుడు, జబ్బులు, అకాల మరణం సాయం పొందినవారిలోనే ఎక్కువ! 1978లో ఆమె ఈ చేదు నిజాన్ని దాచకుండా ప్రకటించింది. అక్కడితో ఆగకుండా కారణం కోసం తవ్వుతూనే ఉంది. ఒకటికి మించిన వేసవి శిబిరాలకు పంపిన పిల్లల్లోనే చేటు ఎక్కువగా కనబడిందని రెండు దశాబ్దాల తర్వాత తేలింది.

1990లలో బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ సంస్థ పిల్లల మీద మరో పరీక్ష జరిగింది. 959 మంది ఆడ, మగ పిల్లల్లో సగంమందికి వెంటనే మెంటర్‌ను, అంటే తోడుండే పెద్దవారిని, ఇచ్చారు, మిగతావారిని ఏడాదిన్నర ఆగమన్నారు. మెంటర్ ఉన్నవారు బడి ఎగ్గొట్టడం దాదాపు సగానికి తగ్గింది. జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ 2002లో ఇంకో ముడి విప్పారు. ఏడాది, అంతకు మించి సాగిన తోడు బాగా ఫలించింది. మూడు నెలల లోపే తెగిపోతే పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకమే సడలింది.

తర్వాత ఈ ప్రశ్న మన దేశపు ఆడపిల్లల దగ్గరికి వచ్చింది. రాజస్థాన్‌లోని అజ్మీర్ జిల్లాలో ఆరు, ఏడు తరగతుల బాలికలకు రూమ్ టు రీడ్ సంస్థ స్థానిక మహిళలను తోడుగా ఇచ్చింది. ఏ బడులకు ఇవ్వాలో లాటరీ తేల్చింది. ఎరిక్ ఎడ్మండ్స్, బెన్ ఫైగన్‌బర్గ్, జెసికా లైట్ లెక్క తీస్తే బడి మానేయడం 25 శాతం తగ్గింది. హైస్కూలులో చేరే దాకా ఆ ఫలితం నిలిచింది. ఇంటి ఆర్థిక పరిస్థితిని ఆ కార్యక్రమం మార్చలేదు. తన మాట వినే మనిషి ఉందన్న భరోసాయే పిల్లను బడిలో నిలబెట్టడానికి ఎక్కువగా తోడ్పడినట్టు కనిపించింది.

ఊత్తుకోట చుట్టుపక్కల ఇలాంటి పని తలపెట్టేవారికి దారి ఇప్పటికే ఉంది. రెండు భాషలూ వచ్చిన అక్కను ఎంచుకోవాలి, ఏడాదైనా ఆమె మారకుండా చూడాలి. అక్కలు తక్కువై బడులు ఎక్కువైతే చీటీలు వేయాలి. అప్పుడు పంపకమూ న్యాయంగా ఉంటుంది, పోల్చడానికి రెండో జట్టూ దొరుకుతుంది. ఆ రెండు జట్ల హాజరు పట్టీలనూ ఏటా ఓపికగా పక్కపక్కన పెట్టి చూడాలి. ఆడపిల్లల మీద మనకున్న ప్రేమకు ఆ మాత్రం శ్రమ తగినదే.