400 వాట్ల డబ్బా

మా ఇంటికి టూ-ఇన్-వన్ వచ్చేనాటికి నేను మన బడి దాటి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉన్నాను. నాన్న వాయిదాల మీద కొన్నారు. షాపులో పక్కపక్కనే రెండు పెట్టారట. ఒకదాని మీద 200, ఇంకోదాని మీద 400 అని వెండిరంగు స్టిక్కర్లు. ధర ఎక్కువైనా పెద్ద అంకె ఉన్నదే తెచ్చారు. సెలవులకు వచ్చిన నాకు ముందుగా వినిపించింది పాట కాదు, చూపించింది ఆ స్టిక్కరు: 400 వాట్స్ పి.ఎం.పి.ఓ.

డబ్బా వెనక్కి తిప్పి చూశాను. 12 వోల్టులు, 1 ఆంపియర్ అని ఉంది. తొమ్మిదో తరగతిలో మన సైన్సు మాస్టారు బోర్డు మీద ఎన్నిసార్లు చేయించారో ఆ లెక్క! వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. లోపలికి 12 పోతుంటే బయటికి 400 ఎలా వస్తాయి? తెలివితేటలు చూపించుకునే వయసు కదా, నాన్నకు చెప్పేశాను. ఆయన మొహం చిన్నబోయింది. "మరి ఆ ఎక్కువ డబ్బు దేనికి తీసుకున్నట్టురా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

ఇన్నేళ్ల తర్వాత, పాత హై-ఫై ప్రకటనలు సేకరించే పిచ్చి పట్టాక, ఆ జవాబు ముక్కలు ముక్కలుగా దొరికింది.

ఆ స్టిక్కరు పూర్వీకులు అమెరికాలో ఉన్నారు. 1948లో ఎల్.పి. రికార్డు, ఆ తర్వాత పదేళ్లకు స్టీరియో రికార్డు వచ్చాయి. మధ్యతరగతి ఇళ్లలోకి యాంప్లిఫయర్లు చేరాయి. వాటిని అమ్మేవాళ్లకు ఒక చిక్కు ఉంది. పత్రికలో అచ్చయిన ప్రకటనకు గొంతు ఉండదు. శబ్దం వినిపించలేరు కాబట్టి అంకె చూపించారు. అంకె పెరగడానికి యంత్రం మారనక్కర్లేదు, కొలిచే పద్ధతి మారితే చాలు.

ఒక చానెల్‌కు నిలకడగా 20 వాట్లు ఇచ్చే యాంప్లిఫయర్ ఉందనుకోండి. రెండు చానెళ్లూ కలిపితే 40. సగటు బదులు తరంగం శిఖరం దగ్గర కొలిస్తే రెట్టింపు, అంటే 80. పక్కన చిన్న అక్షరాల్లో "ప్లస్ ఆర్ మైనస్ 1 డెసిబెల్" అని చేర్చి ప్లస్ వైపే లెక్క కడితే ఇంకో 26 శాతం. 20 కాస్తా 100 అయింది. ఇందులో ఏదీ పచ్చి అబద్ధం కాదు. అదే దీని గడుసుదనం.

అందరూ ఇలాగే చేశారని కాదు. 1954లో ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ కలిసి మొదలుపెట్టిన అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థ ఫైన్ ఆర్ట్స్ క్వార్టెట్ కళాకారులను వేదిక మీద కూర్చోబెట్టింది. వాళ్లు మధ్యలో కమాన్లు ఊపుతున్నట్టు నటిస్తుంటే స్పీకర్లలో టేపు మోగేది. ఎక్కడ మారిందో చెప్పడం శ్రోతలకు కష్టమయ్యేది. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్‌లో ఎవరైనా వచ్చి వినిపోయే గది కూడా నడిపారు. అక్కడ ఏమీ అమ్మేవారు కాదు. నా దృష్టిలో అన్నిటికంటే మంచి ప్రకటన అదే.

చివరికి 1974లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన తెచ్చింది. ప్రకటనలో వాట్లు చెప్పాలంటే ఒక్కో చానెల్‌కు నిలకడగా ఎంతో, ఎన్ని ఓముల మీదో, ఏ ఫ్రీక్వెన్సీ నుంచి ఏ ఫ్రీక్వెన్సీ దాకానో, వక్రీకరణ ఎంత శాతమో చెప్పాలి. కొలిచే ముందు యంత్రాన్ని మూడో వంతు పవర్ మీద గంటసేపు నడపాలి. మూడో వంతే ఎందుకంటారా? మామూలు ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ బాగా వేడెక్కేది పూర్తి పవర్ దగ్గర కాదు, ఇంచుమించు అక్కడే. చాలీచాలని హీట్‌సింక్ పెట్టినవాళ్లు అక్కడ దొరికిపోతారు. ఎవరో గాని పని తెలిసినవాళ్లే రాశారు ఆ నిబంధన! తయారీదారులు గోల చేశాక, చాలా ఏళ్లకు, దాన్ని ఎనిమిదో వంతుకు తగ్గించారు.

పోటీ మాత్రం ఆగలేదు, నిజమైన వాట్లలోకి మారింది. 1978 నాటి పయొనీర్ ఎస్.ఎక్స్-1980 రిసీవర్ చానెల్‌కు 270 వాట్లు. బరువు దాదాపు 35 కిలోలు. ప్రకటనలో అంకె కింద ఓములు, హెర్ట్జులు, 0.03 శాతం అంటూ పొడుగాటి వాక్యం. చదవడానికి విసుగే, కానీ ప్రతి మాటనూ ల్యాబులో నిలదీయొచ్చు.

పి.ఎం.పి.ఓ. అంటే పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్. దానికి ఓములు లేవు, శాతాలు లేవు, ఎంతసేపో లేదు, ఒప్పుకున్న ప్రమాణమే లేదు. అమెరికాలో 1974లో తలుపు మూసిన అంకె మన షాపుల్లోకి కొత్త పేరుతో వచ్చింది. పైగా చెవికి వాట్లు రెట్టింపైనా తేడా కొంచెమే. శబ్దం రెండింతలుగా అనిపించాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. కాబట్టి ఆ 200, 400 అంకెలు రెండూ నిజమే అయినా నాన్నకు దక్కే తేడా స్వల్పం. ఆయన ఎక్కువ డబ్బు కట్టింది స్టిక్కరుకి.

ఆ రోజు నేను నోరు మూసుకుని ఉండాల్సిందా అని ఇప్పటికీ అనుకుంటుంటాను. నాన్న డబ్బా వెనక్కి ఇవ్వలేదు, షాపువాడితో గొడవా పడలేదు. మిగిలిన ఏడు వాయిదాలూ తేదీ తప్పకుండా కట్టారు. స్టిక్కరు మాత్రం నేను తర్వాతి సెలవులకు వచ్చేసరికి లేదు.